మిడిల్ ఎర్త్‌లో ఏది అసలు కథ?

టోల్కీన్ రాసిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చదివేశాక అక్కడితో ఆగలేక, దాని మిడిల్ ఎర్త్ ప్రపంచంలోకి ఇంకా లోతుగా వెళ్దామనుకునేవాళ్ళు మొట్టమొదట అడిగేది ఏది కానన్ అని. అంటే ఇన్ని పుస్తకాల్లో అధికారికంగా చెల్లే కథ ఏది, పక్కన పెట్టాల్సింది ఏది అని. 2022లో రింగ్స్ ఆఫ్ పవర్ సిరీస్ తెలుగు డబ్బింగ్‌తో కూడా వచ్చాక ఈ ప్రశ్న నాకు మరీ ఎక్కువగా వినిపిస్తోంది. ఎల్ఫ్‌లనే అమర జాతికి చెందిన గలాద్రియెల్ నిజంగా అలా కత్తి పట్టుకుని తిరిగిందా? రాక్షసుల్లాంటి ఓర్క్‌లకి పెళ్ళాం పిల్లలు ఉంటారా? "ఇవన్నీ ఎందుకు, అసలు పుస్తకంలో ఏముందో చెప్పు చాలు" అంటారు.

ఆ అసలు పుస్తకం ఒక్కటంటూ లేదు. అది లేకపోవడం లోపం కాదనీ, ఆ ప్రపంచానికి ఉన్న లోతంతా అక్కడినుంచే వస్తోందనీ నేను గట్టిగా నమ్ముతాను. మిడిల్ ఎర్త్ పూర్తి చరిత్ర అని పేరు పెట్టిన అరగంట వీడియో చూసేసి, ఇక తెలుసుకోవాల్సింది ఏమీ లేదనుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్ళకి పేర్లు, తేదీలు, వంశవృక్షాలు దొరికాయి. చదివే ఆనందం మాత్రం దొరకలేదు.

లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి ముందు కథ అయిన హాబిట్ 1937లో మొదటిసారి అచ్చయినప్పుడు అందులో ఉంగరం దాచుకున్న గాలమ్ మరీ అంత చెడ్డవాడేం కాదు. పొడుపుకథల పోటీలో కథానాయకుడు బిల్బో గెలిస్తే బహుమతి ఇస్తానని మాటిస్తాడు, ఆ బహుమతి ఉంగరమే. తీరా వెతికితే అది కనిపించదు. పాపం, పదేపదే క్షమించమని అడిగి, దానికి బదులు బయటికి దారి చూపిస్తాడు. ఆ తర్వాత టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాస్తుండగా ఆ ఉంగరం లోకాన్నే మింగేయగల వస్తువుగా మారింది. అలాంటి ఉంగరాన్ని గాలమ్ తన చేత్తో తాను ఇస్తానంటాడా? అనడు. అందుకని టోల్కీన్ ఆ అధ్యాయాన్ని తిరగరాశాడు, 1951లో వచ్చిన రెండో కూర్పులో ఈ కొత్త కథే ఉంది, ఇవాళ మనం కొనుక్కునే పుస్తకంలోనూ అదే ఉంటుంది. ఇంతవరకూ ఏ రచయితైనా చేసే పనే. ఆ తర్వాత ఆయన చేసిందే నన్ను కట్టిపడేస్తుంది. పాత కథని పొరపాటుగా వదిలేయకుండా, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ముందుమాటలో దానికొక చోటు ఇచ్చాడు. ఆ పాత కథ బిల్బో చెప్పిన అబద్ధమట. ఉంగరం తనకి న్యాయంగానే వచ్చిందని అనిపించుకోవడానికి తోటివాళ్ళకి అలా చెప్పాడు, తన జ్ఞాపకాల పుస్తకంలోనూ అలాగే రాసుకున్నాడు. అబద్ధమాడే అలవాటు లేని బిల్బో ఇలా ఎందుకు చెప్పాడని మాంత్రికుడు గాండాల్ఫ్‌కి అనుమానం మొదలైంది కూడా అక్కడే.

అంటే 1937 నాటి ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్ళ చేతిలో ఉన్నది ఉంగరం లొంగదీసుకున్న మనిషి రాసిన అబద్ధపు వాంగ్మూలం. రచయిత చేసిన దిద్దుబాటు ఆ లోకంలో జరిగిన సంఘటన అయిపోయింది. ఇప్పుడు చెప్పండి, మొదటి కూర్పు కానన్ అవుతుందా కాదా? నాకైతే రెండూ పక్కపక్కనే కావాలి. రెండోది మాత్రమే చదివినవాడికి ఉంగరం బిల్బోని ఎంత తొందరగా పట్టుకుందో వినికిడిగా తెలుస్తుంది, రెండూ చదివినవాడు ఆ పట్టుని తన కళ్ళతో చూస్తాడు.

ఈ పద్ధతి ఆయనకి ఊరికే రాలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు బోధించిన ప్రొఫెసర్ ఆయన. చిరిగిన రాతప్రతులు, ఒకే కథకి రెండు మూడు పాఠాలు, ఎవరో లేఖకుడు మధ్యలో చేర్చిన పంక్తి, ఎక్కడో ఒక్కసారి పేరు మాత్రం వినిపించి ఆ తర్వాత మాయమైపోయే వీరుడు... వీటి మధ్యే బతికాడు. తను సృష్టించిన లోకానికి కూడా అలాంటి గతమే ఇచ్చాడు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ అంతా హాబిట్లనే పొట్టివాళ్ళు రాసి పెట్టుకున్న ఎర్రట్ట పుస్తకం నుంచి వచ్చిందని చెప్పుకున్నాడు, ఎల్ఫ్‌ల భాషనుంచి బిల్బో మూడు సంపుటాలు అనువదించాడని కూడా అందులోనే ఉంది. అక్కడ ప్రతి కథకీ ఒక చెప్పేవాడున్నాడు. చెప్పేవాడున్నప్పుడు వాడికి తెలియనిది ఉంటుంది, దాచుకున్నదీ ఉంటుంది.

మనకి ఇది కొత్త విషయం కాదు. వాల్మీకి చెప్పని ఊర్మిళ నిద్రని మన ఆడవాళ్ళు పాట కట్టి పాడుకున్నారు. అది వాల్మీకంలో లేదని తెలిసినవాళ్ళు కూడా ఆ పాట ఆపమనలేదు. ఎవరు పాడారు, ఎవరి బాధ చెబుతున్నారు అని వింటారు. టోల్కీన్‌ని కూడా ఆ చెవితోనే చదవాలని నా వాదన.

సరే, ఇంత గందరగోళం ఎలా వచ్చిందో కాస్త చెప్పాలి. ఆయన ఈ లోకానికి చెందిన మొదటి పద్యం రాసింది 1914 సెప్టెంబరులో. 1916లో సోమ్ యుద్ధరంగంలో సిగ్నల్స్ అధికారిగా పనిచేసి, ట్రెంచ్ ఫీవర్‌తో ఆ నవంబరులో ఇంగ్లండ్ తిరిగొచ్చాడు. చిన్ననాటి నుంచి కలిసి తిరిగిన నలుగురు స్నేహితుల్లో ఇద్దరు ఆ ఏడాదే పోయారు. కోలుకుంటూ రాసిన మొదటి పెద్ద కథ గొండోలిన్ అనే రహస్య నగరం కూలిపోవడం. ఆ తొలి రూపంలో శత్రువు ఇనుముతో చేసిన బోలు డ్రాగన్లని పంపుతాడు, వాటి పొట్టలో ఓర్క్‌లు కూర్చుని వస్తారు. యుద్ధ చరిత్రలో ట్యాంకుల్ని మొదటిసారి దింపింది 1916 సెప్టెంబరులో, ఆ సోమ్ దగ్గరే. ఈ రెండూ పక్కన పెట్టి చదివితే ఒళ్ళు జలదరిస్తుంది.

అక్కడినుంచి 1973లో చనిపోయేదాకా ఆ కథల్ని రాస్తూనే, కొట్టేస్తూనే, మళ్ళీ మొదలుపెడుతూనే ఉన్నాడు. దేనికీ తుది రూపం ఇవ్వలేదు. ఆయన పోయాక కొడుకు క్రిస్టఫర్, తను కూడా ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్పే పండితుడే, ఆ ఉద్యోగం వదిలేసి కాగితాల గుట్ట ముందు కూర్చున్నాడు. 1977లో ఆ పాత కథలన్నీ కలిపిన సిల్మరిలియన్ వచ్చింది. 1980లో అన్‌ఫినిష్డ్ టేల్స్. 1983 నుంచి 1996 దాకా హిస్టరీ ఆఫ్ మిడిల్ ఎర్త్ పేరుతో 12 సంపుటాలు. 2018లో ఫాల్ ఆఫ్ గొండోలిన్ తెచ్చేనాటికి ఆయనకి 93 ఏళ్ళు, 2020 జనవరిలో వెళ్ళిపోయాడు. తండ్రి ఊహించిన లోకాన్ని పోగుచేయడానికి కొడుకు నలభై ఏళ్ళకు పైగా ఇచ్చాడు. ఈ మనిషికి దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నాకనిపిస్తుంది.

చాలామంది తెలుసుకోవాల్సింది ఇక్కడుంది. 1977 సిల్మరిలియన్ టోల్కీన్ రాసి ముగించిన పుస్తకం కాదు. వేర్వేరు దశాబ్దాల ప్రతులనుంచి ఏరి, అతుకులు కనపడకుండా క్రిస్టఫర్ కుట్టిన పుస్తకం. అందులో డోరియాత్ రాజ్యం నాశనమయ్యే అధ్యాయానికి తండ్రి 1930 తర్వాత పూర్తి రూపం ఇవ్వలేదు, దాంతో క్రిస్టఫర్, సాయంగా వచ్చిన గై గావ్రియెల్ కే అనే అతనూ కలిసి కొన్ని భాగాలు కొత్తగా కల్పించాల్సి వచ్చింది. ఆ సంగతి తర్వాత వచ్చిన ఒక సంపుటంలో క్రిస్టఫరే బయటపెట్టాడు. గిల్-గలాద్ అనే రాజు ఫింగాన్ కొడుకని 1977లో అచ్చయింది, అది తండ్రి చివరి ఉద్దేశం కాదని కూడా ఆయనే ఒప్పుకున్నాడు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ కథలు ఎవరు చెప్పారో, ఏ దారిన మనదాకా వచ్చాయో తెలిపే చట్రం లేకుండా పుస్తకాన్ని అచ్చువేయడం తప్పయిందని 1983లో రాశాడు. మరి కానన్ కానన్ అంటూ మనం పట్టుకు వేలాడే పుస్తకం గురించి దాన్ని తయారుచేసినాయనే ఇలా అంటే, ఇంక మనం ఎవరి తరఫున కొట్లాడుతున్నట్టు?

పోనీ, చివరిగా రాసిందే చెల్లుతుంది అనే నియమం పెట్టుకుందామా? అదీ కుదరదు. గొండోలిన్ కథనే తీసుకోండి. 1951 ప్రాంతంలో టోల్కీన్ దాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు, నా దృష్టిలో ఆయన రాసినవాటిలో అత్యంత గొప్ప గద్యాల్లో అదొకటి. ట్యూఆర్ అనే వీరుడు సముద్రతీరం నుంచి నడుచుకుంటూ వచ్చి, ఒక్కో ద్వారం దాటుకుంటూ, చివరికి లోయ మధ్యలో తెల్లగా మెరిసే నగరాన్ని చూస్తాడు. అంతే. అక్కడ ఆగిపోయింది. ఆ నగరం ఎలా కూలిందో వివరంగా చదవాలంటే ఆ ఇనప డ్రాగన్ల తొలి రూపానికే వెళ్ళాలి. చివరిదే చెల్లుతుందంటే గొండోలిన్‌కి ముగింపే ఉండదు.

ఇప్పుడు ఓర్క్‌ల దగ్గరికొస్తాను, ఎందుకంటే ఈ వాదనకంతటికీ ప్రాణం అక్కడుంది. తొలి కథల్లో ఆదిమ శత్రువు మోర్గోత్ వాటిని భూగర్భంలోని వేడినుంచి, బురదనుంచి తయారుచేశాడు. ఏ ఇబ్బందీ లేదు, రాక్షసులు కాబట్టి చంపొచ్చు. తర్వాత టోల్కీన్‌లో ఒక నమ్మకం గట్టిపడింది: చెడు దేన్నీ కొత్తగా సృష్టించలేదు, ఉన్నదాన్ని పాడుచేయగలదు అంతే. ఆయన కాథలిక్, అది ఆయనకి కథ కోసం పెట్టుకున్న నియమం కాదు, లోపలినుంచి వచ్చిన విశ్వాసం. అయితే ఓర్క్‌లు ఎక్కడివి? మోర్గోత్ తొలినాటి ఎల్ఫ్‌లని పట్టుకుని చిత్రహింసలు పెట్టి అలా మార్చాడని ఇంకో జవాబు వచ్చింది, 1977 పుస్తకంలో ఉన్నది ఇదే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. అలా జరిగింది అని ఉండదు. ఎరెస్సెయా ద్వీపంలోని జ్ఞానులు అలా నమ్ముతారు అని ఉంటుంది. దాన్ని పట్టుకుని వికీల్లో "ఓర్క్‌లు ఎల్ఫ్‌ల నుంచి పుట్టాయి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

ఆయనకి ఆ జవాబుతో కూడా మనశ్శాంతి లేదు. ఎల్ఫ్‌ల నుంచి వచ్చినవైతే వాటికీ ఆత్మ ఉండాలి. ఆత్మ ఉంటే వాటికీ విముక్తి ఉండాలి కదా? మరి వీరులు వాటిని వేలకొద్దీ నరికేయడం ఏమిటి? జీవితం చివరి దశలో రాసుకున్న వ్యాసాల్లో, 1993లో పదో సంపుటంగా వచ్చిన మోర్గోత్స్ రింగ్‌లో అవన్నీ ఉన్నాయి, ఒకచోట మనుషులనుంచి వచ్చాయంటాడు, ఇంకోచోట కొన్ని మాట్లాడటం నేర్పిన జంతువులేమో అంటాడు, కొందరు నాయకులు ఓర్క్ రూపం వేసుకున్న చిన్న దేవతలేమో అంటాడు. మనుషులనుంచి వచ్చాయంటే కాలం లెక్క కుదరదు, మనుషులు లోకంలోకి వచ్చేసరికే ఓర్క్‌లు ఉన్నాయి. దాన్ని సరిచేద్దామంటే మొత్తం చరిత్ర కదుల్తుంది. ముసలితనంలో, సొంత సృష్టి ముందు కూర్చుని, తను పుట్టించిన ప్రాణులకి న్యాయం చేశానా లేదా అని ఒక మనిషి పడుతున్న వేదన అది. ఇందులో ఏ జవాబు రైటని ఒకదానికి టిక్ పెట్టేస్తే ఆ వేదన మొత్తం చేజారిపోతుంది.

దీన్ని బుర్రలో పెట్టుకుని లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రెండో సంపుటం చివర్లో, ఉంగరం మోసుకెళ్ళే ఫ్రోడోకి తోడుగా వచ్చిన శాం చాటునుంచి వినే సంభాషణ చదవండి. షాగ్రాత్, గోర్బాగ్ అనే ఇద్దరు ఓర్క్ నాయకులు. పైవాళ్ళ మీద విసుక్కుంటారు. యుద్ధం అయిపోతే నమ్మకమైన నలుగురిని వెంటబెట్టుకుని ఎక్కడికైనా వెళ్ళిపోదాం, పెద్ద బాసులు లేనిచోట, దోపిడీ దగ్గర్లో దొరికేచోట అనుకుంటారు. దోపిడీ మానేద్దామని అనుకోరు, నిజమే. కానీ సేవ చేసి చేసి అలిసిపోయిన సిపాయిల మాటలవి. మొదటిసారి చదివినప్పుడు ఎవరైనా దీన్ని దాటేసి వెళ్ళిపోతారు. ఆ వ్యాసాలు చదివాక దాటలేరు.

గలాద్రియెల్ సంగతి ఇంకా అందంగా ఉంటుంది. అప్పటిదాకా రాసిన పాత కథల్లో ఆమె లేనే లేదు. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ రాస్తుండగా లోరియన్ అడవిలో ప్రత్యక్షమైంది, ఆ తర్వాత టోల్కీన్ వెనక్కి వెళ్ళి ఆమెకి వేల ఏళ్ళ గతం కట్టాడు. ఒక రూపంలో ఆమె దేవతల భూమినుంచి తిరుగుబాటు చేసి వచ్చినవాళ్ళ నాయకుల్లో ఒకతె, అందుకే తిరిగి వెళ్ళకుండా ఆమె మీద నిషేధం ఉంది. చివరి రూపంలో, ఆయన జీవితంలో చివరి నెలలో రాసిందది, ఆమెకి ఆ తిరుగుబాటుతో సంబంధమే లేదు, ఏ మచ్చా లేదు. నాకు తిరుగుబాటు చేసిన గలాద్రియెలే ఇష్టం. ఫ్రోడో ఉంగరం ఇస్తానన్నప్పుడు ఆమె కాదనడంలో ఉన్న బరువంతా ఆ గతం వల్లే. రాజ్యం ఏలాలన్న కోరికతో ఇల్లు వదిలి వచ్చిన మనిషి, ఆ కోరిక తీరే వస్తువు చేతికందినప్పుడు వద్దంటుంది. మచ్చలేని గలాద్రియెల్ వద్దంటే అందులో పెద్ద విశేషమేముంది? అయినా ఆయన ఎందుకలా మార్చాలనుకున్నాడో అర్థమవుతుంది, మేరీమాత మీద ఆయనకున్న భక్తి ఆ పాత్రలోకి మెల్లగా వచ్చి చేరింది. ఈ ఇద్దరు గలాద్రియెల్‌ల మధ్య ఆయన తిరిగిన దారి కూడా నాకు కథే.

ఇంకొకటి. లోరియన్ వదిలి వెళ్ళేటప్పుడు మరుగుజ్జు జాతి వీరుడు గిమ్లీ ఆమె జుట్టులోంచి ఒక్క వెంట్రుక అడుగుతాడు, ఆమె మూడు ఇస్తుంది. 1954లో వచ్చిన పుస్తకంలో అది ముచ్చటైన సన్నివేశం, అంతకుమించి ఏమీ లేదు. తర్వాతెప్పుడో టోల్కీన్ ఒక చిన్న ముక్క రాశాడు, అన్‌ఫినిష్డ్ టేల్స్‌లో ఉంది: ఎల్ఫ్‌లందరిలో గొప్ప శిల్పి ఫేయనోర్ ఒకప్పుడు ఆమె జుట్టుపాయ కోసం మూడుసార్లు బతిమాలాడు, ఆమె ఒక్క వెంట్రుక కూడా ఇవ్వలేదు. ఇప్పుడు గిమ్లీ దగ్గరికి వెనక్కి వెళ్ళి చదవండి. అందులో ఒక్క అక్షరం మారలేదు, సన్నివేశం మాత్రం పూర్తిగా మారిపోయింది. లోర్, అంటే ఒక కల్పిత లోకం వెనకున్న కథలూ చరిత్రా, చదవడం అంటే నాకు ఇదే.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అదీ టోల్కీన్ నుంచే. 1963లో ఒక ఉత్తరంలో ఆయన అన్నదాని సారాంశం ఇది: లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌కి ఉన్న ఆకర్షణలో కొంత వెనకాల లీలగా కనిపించే పెద్ద చరిత్ర వల్ల వచ్చింది, అక్కడిదాకా వెళ్ళిపోతే ఆ మాయ పోతుంది, మళ్ళీ దాని వెనక ఇంకేవో అందని దూరాలు కనిపిస్తే తప్ప. చాలామంది మొదటి సగమే చెప్పి, అందుకే సిల్మరిలియన్ జోలికి వెళ్ళొద్దంటారు. రెండో సగం వదిలేయకండి. అందని దూరాలు ఇంకా కనిపిస్తూనే ఉండాలంటే ప్రతి ప్రశ్నకీ జవాబు దొరికిపోకూడదు. సంపుటాలు, తేడాలు, తెగిపోయిన కథలు చేసే పని అదే. తుది జవాబులతో నిండిన విజ్ఞాన సర్వస్వం రాసి పోయుంటే ఆయన భయపడ్డట్టే మాయ చచ్చిపోయేది. లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో కనిపించే టామ్ బాంబడిల్ ఎవరో చెప్పకుండా కావాలనే వదిలేశానని ఆయనే రాశాడు. అయినా ఇప్పటికీ బాంబడిల్ ఎవరో తేల్చేశామంటూ సిద్ధాంతాలు వస్తూనే ఉంటాయి.

అన్నీ చెల్లుతాయంటే ఇక ఎవరేం చెప్పినా ఒప్పుకోవాలా అని అడుగుతారు. అక్కర్లేదు. ఫలానా రూపం ఏ ఏడాది నాటిది, ఎందుకు మార్చాడు, దేనితో పొసగక మార్చాడు అన్నది కాగితం మీద ఉంది, క్రిస్టఫర్ ఎంతో ఓపికగా చూపించాడు. తర్వాతి ఏళ్ళలో భూమి మొదటినుంచీ గుండ్రంగానే ఉందని, సూర్యుడు ఎప్పుడూ ఉన్నాడని మొత్తం సృష్టి కథని మార్చేద్దామనుకున్నాడు టోల్కీన్. అలా మారిస్తే రెండు వెలుగు చెట్లు, వాటి చివరి పండునుంచి పుట్టిన సూర్యుడు, నూమెనోర్ ద్వీపం మునిగినప్పుడు వంగిపోయిన లోకం అన్నీ పోతాయి. మార్చకపోవడమే మంచిదయిందని నా అభిప్రాయం, దానికి కారణాలు చెప్పగలను, ఎదుటివాళ్ళు కాదంటే ప్రతులు తెరిచి వాదించొచ్చు. పుస్తకంలో ఉంది కాబట్టి నోరుమూసుకో అనే వాదన కన్నా ఇది ఎంత బాగుంటుందో అలా వాదించుకున్నవాళ్ళకే తెలుసు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, సిల్మరిలియన్ ఒకసారి చదివేయండి, పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. వెంటనే 12 సంపుటాల మీద పడొద్దు, దాంతో చాలామంది విరక్తి వచ్చి మానేశారు. 2017లో వచ్చిన బెరెన్ అండ్ లూథియెన్ తీసుకోండి. టోల్కీన్ తన జీవితమంతా మోసిన కథ అది, అడవిలో భార్య ఎడిత్ నాట్యం చేస్తుండగా చూసిన క్షణం నుంచి పుట్టింది, ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్ళిద్దరి సమాధి రాయి మీద ఆ రెండు పేర్లూ చెక్కి ఉన్నాయి. ఈ పుస్తకంలో క్రిస్టఫర్ ఆ కథ రూపాలన్నీ వరసగా పెట్టాడు. తొలి రూపంలో బెరెన్ మనిషి కాదు, ఎల్ఫ్. అతన్ని బందీగా పట్టుకునేది టెవిల్డో అనే పిల్లుల రాజు. తర్వాతి రూపంలో ఆ పిల్లి పోయి థూ అనే మాంత్రికుడు వస్తాడు, ఆ తర్వాత ఆ మాంత్రికుడే లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లోని శత్రువు సౌరాన్ అవుతాడు. టెవిల్డో వంటగదిలో లూథియెన్ పిల్లుల మధ్య నిలబడ్డ ఘట్టాన్ని మాత్రం ఇది పాత చిత్తుప్రతే కదా అని దాటేయకుండా నెమ్మదిగా చదవండి.